మోడెమ్, రౌటర్ మధ్య రెండు పోర్టులు కలపడం ఎలా?

మోడెమ్ వెనక రెండు ఈథర్‌నెట్ పోర్టులున్నాయి, రౌటర్‌లోనూ ఒకటి ఖాళీగా ఉంది, రెండో కేబుల్ కూడా పెట్టేస్తే స్పీడు పెరుగుతుందా? గిగాబిట్ దాటిన ప్లాన్ తీసుకున్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండో ప్రశ్న ఇంకా ఎక్కువసార్లు వస్తుంది: "రెండో కేబుల్ పెట్టాను, ఉన్న నెట్ కూడా పోయింది, ఇప్పుడేం చేయాలి?"

మొదటిదానికి జవాబు: పెరుగుతుంది, కానీ చాలామంది అనుకునే విధంగా కాదు. రెండోదానికి: ముందు ఆ రెండో కేబుల్ తీసేయండి. మోడెమ్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలాసార్లు నెట్ వచ్చేస్తుంది. టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు, ఏదీ కాలిపోదు. ఆ తర్వాత కింద చెప్పిన వరసలో మళ్లీ మొదలుపెట్టండి. ఈ పని మొత్తంలో ఒక్క మాట గుర్తుంటే చాలు: సెట్టింగులు ముందు, రెండో కేబుల్ ఆఖరున. నా దగ్గరికి వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ వరస తప్పడం వల్ల వచ్చినవే.

అసలు మీకు అవసరమా?

మామూలు గిగాబిట్ పోర్టు 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. స్పీడ్ టెస్టులో మాత్రం 940 దగ్గర ఆగిపోతుంది. అది మోసం కాదు. 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి వెళ్లడానికి తీగ మీద 1538 బైట్ల చోటు పడుతుంది, అందులో మన అసలు డేటా 1448 దాకా ఉంటుంది. మిగతాదంతా చిరునామాలు, గుర్తులు, ప్యాకెట్ల మధ్య వదలాల్సిన ఖాళీ. కాబట్టి మీ ప్లాన్ 940 లోపు ఉంటే ఒక్క కేబుల్ సరిపోతుంది. రెండోది పెట్టినా ఒక్క ఎంబీపీఎస్ కూడా పెరగదు.

మీ మోడెమ్‌లోనూ, రౌటర్ వాన్ (ఇంటర్నెట్ వచ్చే) వైపూ 2.5 గిగాబిట్ పోర్టులుంటే ఈ తంటా ఏదీ వద్దు. ఆ రెండింటినీ ఒకే కేబుల్‌తో కలపండి. ఈ వేగానికి 2016లోనే ప్రమాణం వచ్చింది, మామూలు క్యాట్ 5ఈ కేబుల్ మీదే 100 మీటర్ల వరకు నడుస్తుంది. రెండు గిగాబిట్ పోర్టులు కలపడం కంటే ఒక 2.5 గిగాబిట్ పోర్టు అన్ని విధాలా మేలు. సెట్టింగులు ఉండవు, ఒక్క డౌన్‌లోడ్‌కే పూర్తి స్పీడు అందుతుంది. కొత్త పరికరం కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు పోర్టులు కలిపే సౌకర్యం చూసి కొనకండి, 2.5 పోర్టు చూసి కొనండి.

ఇక మిగిలింది, ప్లాన్ 1 గిగాబిట్ దాటి, మోడెమ్‌లోనూ రౌటర్‌లోనూ గిగాబిట్ పోర్టులే ఉన్నవాళ్లు. ఈ పద్ధతి మీకోసమే.

కలిపితే ఏం జరుగుతుంది?

టికెట్ల దగ్గర రెండో కౌంటర్ తెరిచినట్టు. క్యూ త్వరగా కదులుతుంది. కానీ ఒక మనిషికి ఒకే కౌంటర్‌లో పని జరుగుతుంది, సగం టికెట్ ఇక్కడ, సగం అక్కడ ఇవ్వరు. అలాగే ఒక్క డౌన్‌లోడ్, అంటే ఒకే కనెక్షన్, రెండు కేబుళ్ల మీద చీలదు. అది 940 దగ్గరే ఆగుతుంది. ఇంట్లో నలుగురు ఒకేసారి వాడుతున్నప్పుడు మొత్తం మాత్రం 1880 దాకా వెళ్లగలదు, ప్లాన్ అంత ఇస్తే.

ఏ కనెక్షన్ ఏ కేబుల్ మీద వెళ్లాలో పంపే పరికరమే నిర్ణయిస్తుంది. అంటే డౌన్‌లోడ్ పంపకం మోడెమ్ చేతిలో, అప్‌లోడ్ పంపకం రౌటర్ చేతిలో ఉంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి, ఫలితం సరిచూసేటప్పుడు పనికొస్తుంది.

పేర్ల దగ్గర కాస్త గందరగోళం ఉంది. లింక్ అగ్రిగేషన్, ల్యాగ్, బాండింగ్, పోర్ట్ ట్రంకింగ్, 802.3ఏడీ అని రకరకాలుగా కనిపిస్తుంది, అన్నీ ఇదే పని. 802.3ఏడీ అనేది 2000లో వచ్చిన ప్రమాణం పేరు. 2008లో దాన్ని 802.1ఏఎక్స్ కిందికి మార్చినా తయారీదారులు పాత పేరే వాడుతున్నారు. ఇక్కడ ల్యాగ్ అంటే ఆటలు ఆడేటప్పుడు వచ్చే ఆలస్యం కాదు, రెండింటికీ సంబంధం లేదు. రెండు పరికరాలూ "మనిద్దరి మధ్య రెండు తీగలున్నాయి, కలిపి వాడుకుందాం" అని మాట్లాడుకునే భాషను ఎల్‌ఏసీపీ అంటారు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

- పోర్టులు కలపగల మోడెమ్. వెనక రెండు పోర్టులు కనిపించినంత మాత్రాన చాలదు, మాన్యువల్‌లో లింక్ అగ్రిగేషన్ అని స్పష్టంగా ఉండాలి. డాక్సిస్ 3.1 (కేబుల్ టీవీ తీగ మీద నెట్ ఇచ్చే ప్రమాణం) కేబుల్ మోడెమ్‌లలో ఆరిస్ ఎస్‌బీ8200, నెట్‌గేర్ సీఎం1200 లాంటివి ఈ తరహావి. ఫైబర్ వాళ్ల ఇళ్లలో ఉండే ఓఎన్‌టీ పెట్టెల్లో ఈ సౌకర్యం అరుదు.
- వాన్ అగ్రిగేషన్ ఉన్న రౌటర్. ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అగ్రిగేషన్ కాదు. ఈ తేడా గురించి తప్పుల దగ్గర మళ్లీ చెబుతాను.
- క్యాట్ 5ఈ లేదా అంతకంటే మెరుగైన కేబుళ్లు రెండు. రెండూ ఒకే పొడవు ఉండాలన్న నియమం లేదు. రెండూ గిగాబిట్‌లో లింక్ అవ్వాలన్నదే నియమం.
- రౌటర్‌కి కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ ఒకటి. వైఫై మీద ఈ సెట్టింగులు మార్చకండి, మధ్యలో తెగితే సెట్టింగు సేవ్ అయిందో లేదో తెలియదు.
- చివర్లో పరీక్షించడానికి, కేబుల్‌తో కలపగల రెండో కంప్యూటర్.
- ఫోన్‌లో మొబైల్ డేటా. పని మధ్యలో ఇంట్లో నెట్ ఉండదు, మాన్యువల్ చూడాల్సి రావచ్చు. అసలు రెండు మాన్యువళ్లూ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంట్లో ఎవరికైనా ఆన్‌లైన్ మీటింగో పరీక్షో ఉన్న వేళ ఈ పని పెట్టుకోకండి. అంతా సవ్యంగా జరిగితే అరగంట పని, చిక్కొస్తే ఒక సాయంత్రం పోతుంది.

చేసే పద్ధతి

1. ఇప్పుడున్న స్పీడు రాసిపెట్టుకోండి

రౌటర్‌కి కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌లో స్పీడ్ టెస్ట్ మూడుసార్లు చేసి, మూడు అంకెలూ కాగితం మీద రాయండి. ఇది చేయకపోతే తర్వాత పెరిగిందో లేదో చెప్పడానికి ఆధారమే ఉండదు. 940 దగ్గరలో నిలకడగా వస్తుంటే ఆ ఒక్క కేబుల్ నిండిపోయిందని అర్థం, ముందుకు వెళ్లండి. 600, 700 దగ్గర ఆగుతుంటే అడ్డు వేరే చోట ఉంది, రెండో కేబుల్ దాన్ని బాగు చేయదు. ముందు అది తేల్చుకోండి.

2. రెండు కేబుళ్లనూ విడివిడిగా పరీక్షించండి

చాలామంది దాటేసే మెట్టు ఇది, దయచేసి దాటకండి. మొదటి కేబుల్ తీసి అదే చోట రెండో కేబుల్ పెట్టండి. క్లిప్ టక్కుమని పడాలి. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ లింక్ 1000 అని చూపిస్తోందా చూడండి. 100 అని చూపిస్తే ఆ కేబుల్ పనికిరాదు.

గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. 100కి నాలుగు సరిపోతాయి. అందుకే ఒక తీగ తెగినా, ఒక పిన్ను సరిగ్గా ఆనకపోయినా లింక్ పూర్తిగా పోదు, చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. ఒకసారి నేను ఒక సాయంత్రమంతా సెట్టింగులన్నీ తిరగేశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. చివరికి వంగి చూస్తే రౌటర్ వెనక ఒక పోర్టు లైటు ఆకుపచ్చగా, పక్కది నారింజ రంగులో ఉన్నాయి. నారింజ రంగు లైటున్న కేబుల్ ప్లగ్ క్లిప్ విరిగిపోయి, ప్లగ్ వెంట్రుకవాసి బయటికి జారి ఉంది. వేలితో లోపలికి నొక్కి పట్టుకుంటే ఆకుపచ్చ, వదిలితే నారింజ. కేబుల్ మార్చగానే అంతా సరిపోయింది. లైట్ల రంగుల అర్థం ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది, మీ మాన్యువల్ చూడండి. కానీ రెండు పోర్టుల లైట్లూ ఒకేలా వెలగాలన్నది ఎక్కడైనా వర్తిస్తుంది.

3. రౌటర్ సెట్టింగులు బ్యాకప్ తీసుకోండి

అడ్మినిస్ట్రేషన్ పేజీలో సెట్టింగులను ఫైలుగా దించుకునే బటన్ ఉంటుంది. ఒక్క నిమిషం పని. రౌటర్ ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) పాతదైతే ఇప్పుడే అప్‌డేట్ చేసి, ఆ తర్వాత బ్యాకప్ తీసుకోండి. కేబుల్ మోడెమ్ ఫర్మ్‌వేర్ మాత్రం మన చేతిలో ఉండదు, నెట్ ఇచ్చే కంపెనీయే దాన్ని పంపుతుంది. ఒకే మోడల్ మోడెమ్‌లో ఒకరికి ల్యాగ్ సెట్టింగు కనిపించి ఇంకొకరికి కనిపించకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

4. మోడెమ్‌లో ల్యాగ్ ఆన్ చేయండి

బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టండి. కేబుల్ మోడెమ్‌లు దాదాపు అన్నీ ఈ చిరునామాకే పలుకుతాయి. పాస్‌వర్డ్ మోడెమ్ కింద స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. కాన్ఫిగరేషన్ లేదా అడ్వాన్స్‌డ్ అన్న చోట లింక్ అగ్రిగేషన్ అని ఉంటుంది, ఆన్ చేసి సేవ్ చేయండి. మోడెమ్ తనంతట తాను రీస్టార్ట్ కాకపోతే ఈ మెట్టులో మీరూ చేయకండి, 6వ మెట్టులో ఎలాగూ ఆపుతాం.

పేజీ తెరుచుకోకపోతే కంప్యూటర్‌ను నేరుగా మోడెమ్‌కి కలిపి ప్రయత్నించండి. సెట్టింగు ఎక్కడా కనిపించకపోతే మాన్యువల్ చూడండి. అవతలి పక్క ఎల్‌ఏసీపీ మాట్లాడితే తనంతట తానే కలుపుకునే మోడెమ్‌లూ ఉన్నాయి. మాన్యువల్‌లో కూడా ఆ మాటే లేకపోతే మీ మోడెమ్‌కి ఈ సౌకర్యం లేదు, ఇక్కడే ఆగండి.

ఇది ఆన్ చేశాక, రౌటర్ వైపు కూడా ఆన్ చేసేదాకా నెట్ పోవచ్చు. కంగారు పడకుండా తర్వాతి మెట్టుకు వెళ్లండి.

5. రౌటర్‌లో వాన్ అగ్రిగేషన్ ఆన్ చేయండి

వాన్ లేదా ఇంటర్నెట్ సెట్టింగుల్లో ఉంటుంది. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది, వాన్ పోర్టుకి జతగా ఏ ల్యాన్ పోర్టు పనిచేస్తుందన్నది. మీకు నచ్చిన పోర్టు కాదు, తయారీదారు ముందే నిర్ణయించిన పోర్టు. ఆసుస్ ఆర్‌టీ-ఏఎక్స్88యూలో వాన్ పోర్టుకి జత ల్యాన్ 4. నెట్‌గేర్ ఆర్‌ఏఎక్స్80లో ఇంటర్నెట్ పోర్టుకి జత ల్యాన్ 1. మీ మోడల్‌లో ఏదో మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి, వేరేవాళ్లు చెప్పింది విని పెట్టకండి.

రకం అడిగితే ఎల్‌ఏసీపీ లేదా 802.3ఏడీ ఎంచుకోండి. స్టాటిక్, అంటే ఎల్‌ఏసీపీ మాటలు లేకుండా నేరుగా కలిపేసే ఎంపిక కూడా ఉండొచ్చు. మోడెమ్ మాన్యువల్ స్టాటిక్ అని చెబితే తప్ప దాని జోలికి పోకండి.

డ్యూయల్ వాన్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. అది రెండు వేర్వేరు నెట్ కనెక్షన్లు వాడుకోవడానికి, ఇది ఒకే కనెక్షన్‌కి రెండు తీగలు వేయడానికి. జత పోర్టును ఇప్పటికే ఐపీటీవీ పెట్టెకి కేటాయించి ఉంటే దాన్ని కూడా ముందు ఖాళీ చేయాలి.

సొంతంగా పీఎఫ్‌సెన్స్, ఓపెన్‌సెన్స్, మైక్రోటిక్ లాంటి రౌటర్ వ్యవస్థలు నడుపుకునేవాళ్లకి పోర్టులు ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది, దాంతో పాటు చూసుకోవాల్సినవీ పెరుగుతాయి. రెండు పోర్టులతో ల్యాగ్ లేదా బాండ్ తయారుచేసి, వాన్‌ను పాత పోర్టు నుంచి తీసి ఆ బాండ్ మీదికి మార్చండి. విడి పోర్టుల మీద ఐపీ చిరునామా ఏదీ మిగలకూడదు. హ్యాష్ పాలసీ (ఏ కనెక్షన్ ఏ కేబుల్ మీద వెళ్లాలో తేల్చే నియమం) అని అడిగే చోట లేయర్ 3 ప్లస్ 4, అంటే ఐపీ చిరునామాలు, పోర్టు నంబర్లు చూసి పంచేది ఎంచుకోండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. లేయర్ 2 ఉంచితే రౌటర్ మ్యాక్ చిరునామాలు (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్లు) చూసి కేబుల్ ఎంచుకుంటుంది. వాన్ వైపు వెళ్లే ప్రతి ప్యాకెట్‌కీ పంపేది మీ రౌటర్ మ్యాక్, అందుకునేది అవతలి గేట్‌వే (నెట్ కంపెనీ వైపు పరికరం) మ్యాక్. ఈ జంట ఎప్పుడూ మారదు, కాబట్టి అప్‌లోడ్ మొత్తం ఒకే కేబుల్ మీద వెళ్తుంది, రెండోది ఖాళీగా కూర్చుంటుంది. లినక్స్ బాండింగ్‌లో చెప్పకపోతే తీసుకునేది లేయర్ 2నే.

6. అన్నీ ఆఫ్ చేసి, అప్పుడు రెండో కేబుల్ పెట్టండి

మోడెమ్, రౌటర్ రెండింటి పవరూ తీయండి. రెండు కేబుళ్లూ పెట్టండి. రౌటర్ వైపు ఒకటి వాన్‌లో, రెండోది జత ల్యాన్ పోర్టులో. మోడెమ్ వైపు రెండు కంటే ఎక్కువ పోర్టులుంటే ల్యాగ్‌కి ఏవి వాడాలో మాన్యువల్ చెబుతుంది. ఏ కేబుల్ ఏ పోర్టులోకి వెళ్లినా పరవాలేదు, ఆ రెండు పోర్టుల్లోనే ఉండాలి, అంతే.

ఇప్పుడు మోడెమ్ మాత్రమే ఆన్ చేయండి. దాని ఆన్‌లైన్ లైటు నిలకడగా వెలిగేదాకా ఆగండి, కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతే రౌటర్ ఆన్ చేయండి.

మోడెమ్ పవర్ తీయడానికి ఇంకో కారణం కూడా ఉంది. కేబుల్ మోడెమ్ తనకు మొదట కనిపించిన పరికరం మ్యాక్ చిరునామాను పట్టుకుని కూర్చుంటుంది. రౌటర్‌లో బాండ్ తయారైనప్పుడు మ్యాక్ మారితే, మోడెమ్ పాతదాన్నే పట్టుకుని కొత్తదానికి ఐపీ రానివ్వదు. పవర్ తీసి పెడితే మర్చిపోతుంది.

ముఖ్యమైన హెచ్చరిక

రౌటర్‌లో వాన్ అగ్రిగేషన్ ఆన్‌లో లేనప్పుడు ఆ జత పోర్టు అన్నది మామూలు ల్యాన్ పోర్టే. అందులో మోడెమ్ కేబుల్ పెట్టి ఉంటే, మీ ఇంటి లోపలి నెట్‌వర్క్‌ను రౌటర్ ఫైర్‌వాల్ దాటించి నేరుగా మోడెమ్‌కి కలిపినట్టే. ఇంట్లో ఒక పరికరానికి రౌటర్ నుంచి కాకుండా బయటి నుంచి ఐపీ చిరునామా వచ్చేయొచ్చు. ఒకటి పనిచేసి ఒకటి చేయక, ప్రింటర్ కనపడక, కారణం అంతుపట్టని తలనొప్పులు మొదలవుతాయి. అంతకంటే పెద్ద సమస్య, ఆ పరికరం ఏ రక్షణా లేకుండా ఇంటర్నెట్ ముందు నిలబడి ఉంటుంది.

మొదటిరోజు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. ఆరు నెలలకి ఎవరో రౌటర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తారు. అగ్రిగేషన్ ఆఫ్ అయిపోతుంది, కేబుల్ మాత్రం జత పోర్టులోనే ఉంటుంది. అందుకే రెండో కేబుల్‌కి రౌటర్ వైపు చివర ఒక తెల్ల టేపు చుట్టి "రీసెట్‌కి ముందు తీయాలి" అని రాయండి. రౌటర్ మార్చినా, రీసెట్ చేసినా ముందు ఆ కేబుల్ ఊడదీయాలని ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచండి.

కలిసిందో లేదో సరిచూసుకోవడం

నెట్ రావడం ఒక్కటే రుజువు కాదు. ఒక్క కేబుల్ పనిచేసినా నెట్ వస్తుంది. ఈ వరసలో చూడండి.

మొదట లైట్లు. మోడెమ్ వెనక రెండు, రౌటర్ వెనక రెండు, నాలుగూ ఒకే తీరుగా వెలగాలి.

తర్వాత రౌటర్ స్టేటస్ పేజీ. వాన్ ఐపీ ఒక్కటే ఉండాలి, లింక్ 2000 అనో, 1000 రెండు అనో, అగ్రిగేటెడ్ అనో చూపిస్తుంది. లోపలి వివరాలు చూపే రౌటర్లలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రెండు పోర్టులకీ అగ్రిగేటర్ నంబరు ఒకటే ఉండాలి, పార్ట్‌నర్ మ్యాక్ దగ్గర మోడెమ్ చిరునామా కనిపించాలి. అక్కడ అన్నీ సున్నాలే ఉంటే మోడెమ్ ఎల్‌ఏసీపీ మాట్లాడటం లేదు, 4వ మెట్టుకి తిరిగి వెళ్లండి.

మూడోది కేబుల్ పీకే పరీక్ష. అన్నిటికంటే నమ్మదగినది ఇదే. కంప్యూటర్‌లో ఏదైనా బయటి చిరునామాకి ఆగకుండా పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తోందో లేదో చూసే ఆదేశం) నడవనివ్వండి. మొదటి కేబుల్ తీయండి. ఒకటి రెండు పింగ్‌లు పోయి మళ్లీ రావాలి. కేబుల్ తిరిగి పెట్టి ఒక నిమిషం ఆగండి. ఇప్పుడు రెండోది తీయండి. ఇప్పుడూ అలాగే రావాలి. ఏదో ఒక కేబుల్ తీసినప్పుడు నెట్ పూర్తిగా ఆగిపోయి, దాన్ని మళ్లీ పెట్టేదాకా రాకపోతే, ఇంతసేపూ పనిచేసింది అదొక్కటే. మధ్యలో ఆ నిమిషం ఆగమన్నది ఊరికే కాదు. ఎల్‌ఏసీపీ నెమ్మది పద్ధతిలో 30 సెకన్లకోసారి పలకరించుకుంటుంది. వెంటనే రెండోది పీకేస్తే బాగున్నది కూడా పాడైనట్టు కనిపిస్తుంది.

చివరగా స్పీడు. మీ కంప్యూటర్ పోర్టు గిగాబిట్‌దే అయితే అక్కడ 940కి మించి ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య ఒక్క కేబులే ఉంది. "అన్నీ చేశాను, అయినా 940నే" అనేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండు కంప్యూటర్లను కేబుల్‌తో కలిపి, రెండింటిలో ఒకేసారి టెస్ట్ మొదలుపెట్టి, రెండు అంకెలూ కూడండి. 1200 ప్లాన్ ఉంటే మొత్తం 1200 దరిదాపుల్లో రావాలి. రౌటర్‌లో 2.5 గిగాబిట్ ల్యాన్ పోర్టు, కంప్యూటర్‌లో కూడా అలాంటిదే ఉంటే ఒక్క యంత్రంతోనే చూడొచ్చు, కాకపోతే ఎక్కువ కనెక్షన్లతో నడిచే టెస్ట్ వాడాలి.

మొదటిసారికే రాకపోతే నిరాశ పడకండి. కనెక్షన్లు కేబుళ్ల మీదికి పడటం బొమ్మా బొరుసూ లాంటిది. రెండే కనెక్షన్లుంటే రెండూ ఒకే కేబుల్ మీద పడే అవకాశం సగానికి సగం. నాలుగుంటే అన్నీ ఒకదాని మీదే పడటం ఎనిమిదింట ఒకసారి. ఎనిమిది కనెక్షన్లుంటే 128లో ఒకసారి. అందుకే నాలుగైదుసార్లు చేసి అన్నిటికంటే పెద్ద అంకె చూడండి. ఎన్నిసార్లు చేసినా డౌన్‌లోడ్ మొత్తం 940 దాటకపోతే పంపకం మోడెమ్ వైపు జరగడం లేదన్నమాట. రౌటర్‌లో హ్యాష్ ఎంత మార్చినా డౌన్‌లోడ్ మీద ప్రభావం ఉండదు, అది అప్‌లోడ్‌కే.

తరచూ జరిగే తప్పులు

ల్యాన్ అగ్రిగేషన్‌ను వాన్ అగ్రిగేషన్ అనుకోవడం. చాలా రౌటర్ల పెట్టె మీద "లింక్ అగ్రిగేషన్" అని పెద్దగా ఉంటుంది. అది ఇంట్లో ఫైళ్లు దాచుకునే నాస్ పెట్టెకి రెండు తీగలు వేయడానికి మాత్రమే కావచ్చు. సెట్టింగు ల్యాన్ పేజీలో మాత్రమే కనిపిస్తే అది మనకి కావాల్సింది కాదు.

మధ్యలో స్విచ్ పెట్టడం. మోడెమ్ ఒక గదిలో, రౌటర్ ఇంకో గదిలో ఉన్నప్పుడు దారిలో చిన్న స్విచ్ పెట్టేస్తుంటారు. ఎల్‌ఏసీపీ సందేశాలు పక్కనున్న పరికరం వరకే వెళ్తాయి, ప్రమాణం ప్రకారం స్విచ్ వాటిని ముందుకు పంపకూడదు. పైగా ఒకే స్విచ్‌లోకి రెండు కేబుళ్లు అటూ ఇటూ వెళ్తే లూప్ ఏర్పడి నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోవచ్చు. రెండు కేబుళ్లూ మోడెమ్ నుంచి రౌటర్ దాకా నేరుగా పోవాలి.

ఒకవైపు స్టాటిక్, ఇంకోవైపు ఎల్‌ఏసీపీ పెట్టడం. ఇది మరీ తికమక పెడుతుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు, మళ్లీ ప్రయత్నిస్తే తెరుచుకుంటాయి. రెండు కేబుళ్లలో ఒకదాని మీద పడ్డవి గాల్లో కలిసిపోతుంటాయి. ఇలాంటి లక్షణం కనిపిస్తే మొదట రెండువైపులా రకం ఒకటేనా చూడండి.

ఒక కేబుల్ 1000, ఒకటి 100. వేర్వేరు వేగాల పోర్టులు ఒక గుంపులో చేరవు. ఎల్‌ఏసీపీ నెమ్మదిగా ఉన్నదాన్ని పక్కన పెట్టేస్తుంది, మీకు ఏ హెచ్చరికా రాదు. ఇదే కారణంగా 2.5 గిగాబిట్ పోర్టునీ 1 గిగాబిట్ పోర్టునీ కలిపి 3.5 చేయాలన్న ఆలోచన కూడా పనిచేయదు.

పీపీపీఓఈతో లాగిన్ అయ్యే కనెక్షన్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొడితేనే నెట్ వచ్చేవాళ్లు ఇది గమనించాలి. ఇందులో మీ ప్యాకెట్లన్నీ ఇంకో కవరులో పెట్టి పంపుతారు. చాలా పరికరాలు ఆ కవరు విప్పి లోపల చూడవు, పైనున్న మ్యాక్ చూసి అన్నిటినీ ఒకే కేబుల్ మీదికి తోసేస్తాయి. ల్యాగ్ ఏర్పడినట్టు అన్నిచోట్లా కనిపిస్తుంది, స్పీడు మాత్రం పెరగదు. ఇక్కడ 2.5 గిగాబిట్ దారే దారి.

వైఫై మీద టెస్ట్ చేసి తీర్పు చెప్పడం. వైఫై అంకె గదిని బట్టి, ఫోన్‌ని బట్టి మారుతుంది. అది చూసి కేబుళ్ల సంగతి తేల్చలేం.

రౌటర్ ప్రాసెసర్‌ని మర్చిపోవడం. కొన్ని రౌటర్లలో అగ్రిగేషన్ ఆన్ చేస్తే ట్రాఫిక్‌ని వేగంగా దాటించే హార్డ్‌వేర్ సాయం తగ్గి, పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. టెస్ట్ నడుస్తుండగా సీపీయూ 100 శాతం తాకుతుంటే, క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కి ముందు దారివ్వాలో చూసే సెట్టింగు), ట్రాఫిక్ లెక్కలు చూపేవి ఆఫ్ చేసి మళ్లీ చూడండి.

మోడెమ్‌కి సౌకర్యం లేకపోతే

రెండు పోర్టులున్నా ల్యాగ్ లేని మోడెమ్‌లో రెండో పోర్టు పనిచేయాలంటే నెట్ కంపెనీ మీకు రెండో పబ్లిక్ ఐపీ ఇవ్వాలి. ఇళ్లకి మామూలుగా ఒక్కటే ఇస్తారు, కాబట్టి రెండో పోర్టు లైటు వెలిగినా నెట్ రాదు. అడిగి చూడండి. ఇస్తే అప్పుడు రౌటర్‌లో అగ్రిగేషన్ కాదు, డ్యూయల్ వాన్ వాడాలి. ఇవ్వనంటే ఒక్క కేబుల్‌తో ఉండండి. 1200 ప్లాన్‌లో 940 అందుతుంటే రోజువారీ వాడకంలో ఆ తేడా తెలియడం కష్టం, అది చెప్పకుండా మిమ్మల్ని కొత్త మోడెమ్ కొనమనడం నాకు ఇష్టం లేదు.

తీసేయాలనుకుంటే

వరస తిరగేయండి. మొదట టేపు చుట్టిన రెండో కేబుల్ రౌటర్ వైపు ఊడదీయండి. తర్వాత రౌటర్‌లో వాన్ అగ్రిగేషన్ ఆఫ్ చేయండి, ఆపై మోడెమ్‌లో ల్యాగ్ ఆఫ్ చేయండి. మోడెమ్ పేజీ తెరుచుకోకపోతే కంప్యూటర్‌ను దానికి నేరుగా కలపండి. చివరగా రెండింటి పవరూ తీసి, మోడెమ్ ముందు, రౌటర్ తర్వాత ఆన్ చేయండి. నెట్ వచ్చాక 1వ మెట్టులో రాసిపెట్టుకున్న అంకెలతో ఒకసారి పోల్చి చూడండి, అదే స్పీడు రావాలి.